గుడ్డ ఊపిన బోటు

పదిహేనులోంచి ఆరు తీసేస్తే తొమ్మిది. తొమ్మిది చేతులు లేచినా మా వదిన కుర్చీ కదలదు. పది లేవాలి. మొన్నటి మాఘమాసమంతా మా ఇంట్లో వల కుట్టినా, గంజి తాగినా, అందరి నోళ్ళలోనూ ఇదే లెక్క.

మా వదిన తులసి అప్పుడు సంతపాలెం మండలాధ్యక్షురాలు. పెళ్ళయిన కొత్తలో అదే సంతపాలెం వీధుల్లో చేపల తట్ట నెత్తిన పెట్టుకుని తిరిగిన మనిషి. ఎంపీటీసీగా గెలిచింది. అధ్యక్ష పదవి ఆడవాళ్ళకని వచ్చేసరికి, ఇద్దరు పెద్దమనుషులు తమ తమ మనుషుల కోసం కొట్టుకుని కొట్టుకుని, చివరికి ఎవరికీ అడ్డురాదులే అని ఈమెను ఎక్కించారు.

రెండేళ్ళు నిజంగానే ఎవరికీ అడ్డురాలేదు. ఆమె తిరిగే కుర్చీ పక్కన నీలంరంగు ప్లాస్టిక్ కుర్చీ ఒకటి ఉండేది. అందులో మా అన్న గంగరాజు కూర్చునేవాడు. కాగితాలు ముందు అన్న చేతికి వచ్చేవి, ఆ తర్వాత వదిన సంతకానికి వెళ్ళేవి. ఆఫీసులో అన్నని 'ప్రెసిడెంటు గారు' అనేవారు. వదినని 'ప్రెసిడెంటు గారి ఇంటావిడ' అనేవారు. ఈ మాట పేటలో చెప్పుకుని నవ్వుకునేవాళ్ళం.

మూడో ఏడు ఒక కాగితం వచ్చింది. మా పేట వెనక రెండెకరాల ఇసుకదిబ్బ మండల పరిషత్‌ది. మా నాయనమ్మల కాలం నుంచీ ఆడవాళ్ళు చేపలు ఎండబెట్టేది దానిమీదే. దాన్ని ఒక రొయ్యపిల్లల హేచరీకి ముప్ఫై ఏళ్ళు లీజుకి ఇచ్చేద్దామని ఆ కాగితం. అన్న ఎప్పటిలాగే చూసి వదిన ముందుకి తోశాడు. వదిన పదో తరగతి దాకా చదివింది. ఆ రోజు పెన్ను మూతపెట్టి మొదటి పేజీ నుంచి చదివింది. చదివి, సొరుగులో పెట్టి తాళం వేసింది. అధ్యక్షురాలు అజెండాలో పెట్టందే ఆ సంగతి సభలోకి రాదు.

మర్నాడు అన్న వెళ్ళేసరికి నీలం కుర్చీ వరండాలో, నోటీసు బోర్డు కింద ఉంది.

"అమ్మగారు బయటెయ్యమన్నారండి," అన్నాడట అటెండరు.

అన్న నవ్వాడు. అందులోనే కూర్చుని పేపరంతా చదువుకుని ఇంటికొచ్చాడు. ఇంట్లో కూడా నవ్వుతూనే చెప్పాడు. మేమూ నవ్వేశాం.

నాలుగేళ్ళు నిండేదాకా అవిశ్వాసం పెట్టకూడదని చట్టం. నిండాక ఎంతోకాలం ఆగలేదు. తొమ్మిదిమంది సంతకాలతో ఆర్డీవోకి నోటీసు వెళ్ళింది. పదిహేను రోజులు గడువిచ్చి, మాఘం చివర్లో ఒక శుక్రవారం పదకొండు గంటలకి మీటింగు పెట్టారు.

నోటీసు అందిన సాయంత్రమే జగన్నాధం మావ మా ఇంటికొచ్చాడు. మా కులం కాదు, లోపలి పల్లెలో వరి రైతు. అయిదుసార్లు గెలిచిన ఎంపీటీసీ. వదిన పేరు మొదట పలికింది ఆయనే.

"నాను ఎల్లి సెప్పుకుంతాను మావా. మాటాడడానికి ఇవ్వరేటి?" అంది వదిన.

"ఇచ్చినా ఒకటే, ఇవ్వకపోయినా ఒకటే. ఇది తప్పొప్పుల పంచాయితీ కాదు తల్లీ. నువ్వు దొంగతనం సేసినావని ఎవుడూ రుజువు సెయ్యక్కర్నేదు. 'మాకు నమ్మకం నేదు' అంటే సాలు, తలలు లెక్కెడతారు. ఢిల్లీలోనూ ఇదే తంతు. అక్కడ ఒకపాలి ఒక్కటంటే ఒక్క ఓటుకి గవర్నమెంటే పడిపోనాది. టీవీలో నా కళ్ళతో సూసినాను."

మా అమ్మ గున్నమ్మ చేపల కత్తి పక్కన పెట్టింది. "ఆ ఒక్క ఓటూ ఎవుడిదేటి?"

"ఇప్పటికీ తగువులాడుకుంతన్నారప్పా." ఆయన వేళ్ళు విప్పాడు. "అక్కడ సగానికి ఒకటి ఎక్కువైతే సాలు. మనకలా కాదు, మూడింట రెండొంతులు. పదిహేనుకి పది. ఆళ్ళకి తొమ్మిదే ఉన్నాయి. మన ఆరుగురం ఆ రోజు ఆ గుమ్మం తొక్కకపోతే సాలు. ఆ తొమ్మిదిమందీ సేతులెత్తి, నొప్పెట్టి, దించుకుంతారు."

"అయితే ఇంట్లో కూకుంటే సరిపోద్దిగా?" అంది వదిన.

"ఇంట్లో కూకుంటే ఇంటికొస్తారు తల్లీ."

ఆరుగురంటే వదిన, జగన్నాధం మావ, ఫొటో స్టూడియో ఉమాశంకర్, లోపలి పల్లెల రైతులు ఇద్దరు, మా పినతల్లి కూతురు చిన్నతల్లి. చిన్నతల్లి పక్క పేట నుంచి గెలిచింది. సంతకం నేర్చుకుంది గానీ చదవడం రాదు. ఆఫీసుకి వచ్చినప్పుడల్లా వదిన పక్కనే నిలబడి, 'ఇక్కడ ఎట్టాలా వదినా?' అని అడిగి పెట్టేది.

ఆరుగురినీ విజయనగరం లాడ్జిలో దించాం. వ్యాను మాట్లాడింది, గదులు చూసింది, అందరికీ టిఫిన్లు మోసింది అన్నే. రెండోరోజు ఉమాశంకర్ పులిహోర పొట్లం ఫొటో తీసి స్టేటస్ పెట్టాడు. పొట్లం వెనక లాడ్జి కర్టెన్ కనిపించింది. సాయంత్రానికి ఆపిల్ పళ్ళ బుట్టతో అవతలివాళ్ళ పెద్దమనిషి ఒకడు కింద కూర్చుని ఉన్నాడు.

"నీకు పులిహోర ఎప్పుడూ దొరకనేదేట్రా?" అన్నాడు జగన్నాధం మావ.

కొత్తవలస మార్చాం. అక్కడ రాత్రీపగలూ గూడ్సుబళ్ళ చప్పుడు. ఒక రైతుకి గేదె ఈనిందని ఫోను. ఇంకొకాయనకి అల్లుడి బదిలీ మాట ఎత్తి బెదిరించే ఫోను. మీటింగు ఇంకా నాలుగు రోజులుందనగా వదిన అందర్నీ శ్రీముఖలింగం తీసుకెళ్దామంది. వంశధారలో మునిగి, తడిబట్టలతో గుళ్ళోకి వెళ్ళి, దీపం మీద చెయ్యి పెట్టి ఒక్కొక్కరూ ఒట్టేశారు. చిన్నతల్లి ఒట్టేస్తూ ఏడ్చింది. భక్తి అనుకున్నాం. అన్న మాత్రం వ్యాను దగ్గరే ఉండిపోయాడు.

"నాను మెంబర్ని కాను గదా, నాకేల ఒట్టు? టైర్లో గాలి సూసుకుంతాను," అన్నాడు.

గుడి బయట టీ తాగుతున్నప్పుడు ఆ ఆలోచన చెప్పింది నేనే. ఎన్ని లాడ్జిలు మార్చినా దారి ఉన్నచోటికి మనిషి వస్తాడు. శుక్రవారం పొద్దున్న అందర్నీ నా బోటులో సముద్రంలోకి తీసుకుపోతే ఎవడొస్తాడు? ఆడవాళ్ళు బోటెక్కకూడదని మా పేట కట్టుబాటు. అందుకే వదిన బోటులో ఉందని ఎవడూ అనుకోడు.

అన్న టీగ్లాసు అలాగే పట్టుకున్నాడు. "ఎక్కడికి తీసుకుపోతావు?"

"నాన్న సోటుకి."

చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేశాడు. "మంచిదిరా," అన్నాడు తర్వాత. "ఫోన్లన్నీ నాకిచ్చీండి. నాను కొత్తవలస లాడ్జిలోనే ఉంతాను. ఫోన్లు అక్కడుంటే మనుషులూ అక్కడే ఉన్నారనుకుంతారు."

ఎంత తెలివి మా అన్నది అనుకున్నాను.

శుక్రవారం తెల్లవారేసరికి ఒడ్డున ఉన్నాం. మా అమ్మ అడ్డుపడుతుందనే నా భయం. అమ్మ నిజంగానే వచ్చింది. చేతిలో కొబ్బరికాయ ఉంది. నన్ను పక్కకి నెట్టి, బోటు ముక్కు మీద కాయ కొట్టింది.

"గంగమ్మా, ఈ ఆడోళ్ళు నీ కాడికి షికారుకి రాలేదు. దాక్కోడానికి వస్తన్నారు. నువ్వూ ఆడదానివే, నీకు సెప్పాలేటి?" అంది. తర్వాత మావైపు తిరిగి, "ఇంకా సూస్తారేటి? బేగి ఎక్కండి," అని కసిరింది.

చిన్నతల్లి అందరికన్నా ముందే వచ్చి కూర్చుంది. చెప్పులు విప్పి క్యారీబ్యాగులో పెట్టుకుని, మూతి ముడేసి, ఒళ్ళో పట్టుకుంది.

మాఘంలో మా సముద్రం చెరువులా ఉంటుంది. అయినా రైతులు రైతులే. అలలు దాటేలోపే ఇద్దరూ బోటు అంచు పట్టుకుని వంగిపోయారు. ఉమాశంకర్ వాళ్ళని చూసి నవ్వబోయి తనూ వంగాడు.

"ఎల్లిపోదాం యుగంధరూ," అని నన్ను బతిమాలాడు. "కుర్చీ పోతే పోనాది. నా పేగులు పోతన్నాయి."

"ఒరే, మొన్న పులిహోర ఎట్టినావు కదా, ఇదీ ఎట్టు స్టేటసు," అన్నాడు జగన్నాధం మావ. ఆయన కళ్ళు గట్టిగా మూసుకుని, ఇంజిను పెట్టె పట్టుకుని కూర్చున్నాడు.

వదిన మాత్రం వెనక్కి తిరిగి ఒడ్డు చూస్తోంది. సముద్రం ఒడ్డున పుట్టి, సముద్రం ఒడ్డుకి కోడలై వచ్చి, ముప్ఫై ఎనిమిదేళ్ళలో ఊరిని అటువైపు నుంచి చూడ్డం ఆమెకి అదే మొదటిసారి.

"మన పేట ఇంతేనేటి మరిదీ? అరసేతిలో పడతాది." చెయ్యి చాపి చూపించింది. "ఆ తెల్లగా మెరుస్తన్నాదేటి?"

"నీ దిబ్బే. నిన్న ఆరేసిన నెత్తళ్ళు."

అది కొబ్బరిచెట్ల వెనక్కి తప్పుకునేదాకా వదిన అటే చూసింది.

ఏడున్నరకి నాన్న చోటుకి చేరాం. ఇంజిను ఆపి లంగరు వేశాను. నాలుగు దిక్కులా నీళ్ళే.

"ఇన్ని నీళ్ళలో ఇదే సోటని నీకెలా తెలస్తాది?" అంది వదిన.

"అటు సూడు. లైట్‌హౌసు నెత్తిమీద వెనక కొండ కూకున్నాదా? ఇప్పుడిటు దక్షిణం సూడు. తుపాను షెల్టరు రెండు తాటిచెట్ల మద్దిని కనిపిస్తన్నాదా? ఈ రెండూ ఒక్కపాలి కుదిరితే కింద రాయి ఉన్నాదన్నమాట. రాయి కాడ చేప ఉంతాది."

"జీపీఎస్సు ఉన్నాది కదా నీకు?"

"ఇది అందులో ఎట్టొద్దన్నాడు నాన్న. మిషను సేతులు మారతాది."

"మరి ఎవరెవరికి తెలుసు?"

"నాన్నకి తెలుసు. పోనాడు. ఇప్పుడు నాకూ అన్నకీ. అంతే." గొప్పగానే చెప్పాను.

జగన్నాధం మావ ఒడ్డునే నాకొక మాట చెప్పి ఉంచాడు. ఏ బోటైనా మనవైపు వస్తున్నట్టనిపిస్తే లంగరెత్తి కదిలిపోవాలి, ఎవరు ఏమిటని చూడకూడదు. నేను ఇంజిను తాడు చేతికి అందేలా పెట్టుకునే కూర్చున్నాను.

ఎనిమిదిన్నర దాటాక ఒడ్డు వైపు నుంచి ఒక బోటు కనిపించింది. చేపల కోసం తిరిగే బోటు అటూ ఇటూ వెతుక్కుంటూ వస్తుంది. ఇది అలా రాలేదు. లైట్‌హౌసునీ కొండనీ వెనకపెట్టుకుని, ఆ గీత వదలకుండా, తిన్నగా వచ్చింది. నేను లేచి లంగరెత్తాను. ఇంజిను తాడు పట్టుకున్నాను.

అప్పుడు ఆ బోటు ఇంజిను ఆగింది. తెడ్డుకి ఎర్రతువ్వాలు కట్టి ఎవడో పైకెత్తి ఊపుతున్నాడు.

మా నాన్న ఒక తుపానులో రెండు రోజులు విరిగిన తెప్పచెక్క పట్టుకుని తేలాడు. లుంగీ విప్పి ఊపితే ఒడిశా బోటొకటి చూసి వచ్చింది. వాళ్ళ భాష ఆయనకి రాదు, ఆయన భాష వాళ్ళకి రాదు. గుడ్డ ఒక్కటే అర్థమైంది. ఆ తర్వాత మా అన్నదమ్ములిద్దరికీ తెడ్డు పట్టడం కన్నా ముందు నేర్పింది ఇదే. గుడ్డ ఊపితే ఎవుడు, ఏ ఊరు అని అడక్కండి, ముందు ఎల్లండి.

"కదులు, కదులు," అన్నాడు జగన్నాధం మావ కళ్ళు తెరవకుండానే.

"గుడ్డ ఊపతన్నాడు మావా."

"ఊపనీరా!"

నేను వదినని చూశాను. ఆమె కూడా మా కులంలో పుట్టిన మనిషే.

"ఎల్లు మరిదీ," అంది. "తాగడానికి నీళ్ళు కూడా నేవేమో."

వెళ్ళాను. దగ్గరయ్యాక గుర్తుపట్టాను, పక్క పేట ధర్మేంద్ర బోటు. అతని వెనక ఇస్త్రీ చొక్కా మనిషి ఒకడు బూట్లు చేత్తో పట్టుకుని, మొహం పాలిపోయి కూర్చున్నాడు.

"ధర్మేంద్రా, ఏటైనాది? ఇంజినా? నీళ్ళు కావాలా?"

ధర్మేంద్ర నా మొహం చూడలేదు. సముద్రంలోకి చూస్తూ మా బోటు అంచు పట్టుకున్నాడు.

మా వెనకనుంచి చిన్నతల్లి లేచింది. క్యారీబ్యాగు చంకలో ఉంది.

"నాను ఎల్తాను వదినా," అంది.

కడుపులో తిప్పుతోందేమో, ఒడ్డుకి పోతానంటోందనుకుంది వదిన. "పడనేదేటే నీకు? ఎల్లు మరి, ఇంట్లో గుమ్మం ఏసుకుని పడుకో. ఒసే, సూసి! రెండు బోట్ల మద్దిని కాలు పడితే నుజ్జయిపోద్ది. నా సెయ్యి పట్టుకో."

చిన్నతల్లి ఆ చెయ్యి పట్టుకునే అటు దాటింది. వదిన ఒంగి, ఆమె రెండో కాలు కూడా అటు పడేదాకా వదల్లేదు.

ఇస్త్రీ చొక్కా మనిషి జరిగి చోటిచ్చాడు. "కూర్చోండి మేడం," అన్నాడు. "టైముందిలెండి, పదకొండుకి కదా."

మా చిన్నతల్లిని పుట్టాక ఎవరూ మేడం అనలేదు.

జగన్నాధం మావ కళ్ళు తెరిచాడు. ధర్మేంద్ర తాడు లాగాడు. చెడిపోయిన ఇంజిను ఒక్క లాగుకే అందుకుంది.

"ఆ బోటుని పట్టీస్తాను వదినా," అన్నాను. ఇంజిను తాడు అందుకున్నాను. "అడ్డం ఎల్లి గుద్దీస్తాను."

"పట్టుకుని ఏటి సేస్తావు? కాళ్ళుసేతులు కట్టేస్తావా?"

"పదో సెయ్యి వదినా అది!"

"తెలుసు." చిన్నతల్లి పట్టుకున్న అరచేతిని చీరకి తుడుచుకుంది. తర్వాత లైట్‌హౌసు వైపు చూసింది. దక్షిణానికి తిరిగి షెల్టరు చూసింది. రెండు తాటిచెట్ల మధ్యలోంచి అది కాస్తే పక్కకి జరిగింది. "ఆ బోటు కనబడేదాకా మనం ఆ సోటు వదల్నేదు కదా మరిదీ?"

"నేదు వదినా."

రైతులిద్దరూ అంచు మీంచి తల కూడా ఎత్తలేదు.

కాసేపటికి, "ఒడ్డుకి తిప్పు. మీటింగుకి ఎల్దాం," అంది వదిన.

"ఏటికి తల్లీ?" అన్నాడు జగన్నాధం మావ. "పదిమందీ ఉన్నాక మనమెల్లినా ఒకటే, ఎల్లకపోయినా ఒకటే."

"నా ఎదర ఎత్తమను."

మండలాఫీసు చేరేసరికి పదకొండుకి అయిదు నిమిషాలుంది. గేటు బయట పోలీసులు, జనం. అయిదుగురు మెంబర్లూ, నేనూ తడిబట్టలతో, ఉప్పు మొహాలతో దిగాం. వరండాలో నోటీసు బోర్డు కింద నీలం కుర్చీ ఉంది. అందులో మా అన్న కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో ఫోన్ల సంచి.

కొత్తవలస అక్కడికి మూడు గంటల దూరం.

మమ్మల్ని చూసి లేచాడు. వదిన రాదనే అనుకున్నాడు. "తులసీ..." అన్నాడు.

వదిన ఆగి చెయ్యి చాపింది. "ఫోన్లు ఇచ్చీ. పాపం ఈలు ఇంటికి మాటాడాల."

సంచి తీసుకుని ఉమాశంకర్‌కి ఇచ్చి లోపలికి వెళ్ళింది. నన్ను లోపలికి రానివ్వలేదు. కిటికీ దగ్గర నిలబడ్డాను.

ఆర్డీవో తీర్మానం చదివాడు. రెండు నిమిషాలు పట్టింది. అందులో దిబ్బ మాట లేదు. హేచరీ మాట లేదు. సభ్యులకు అధ్యక్షురాలిపై విశ్వాసం లేదు, అంతే.

"అనుకూలంగా ఉన్నవారు చేతులెత్తండి."

తొమ్మిది చేతులు ఒక్కసారి లేచాయి. పదోది భుజం దాకా లేచి ఆగింది. ఆర్డీవో వేలితో లెక్కపెట్టుకుంటూ వచ్చి అక్కడ నిలిచాడు.

"పూర్తిగా ఎత్తండమ్మా. లెక్కకి కనబడాలి."

చిన్నతల్లి ఎత్తింది. మోచేతి నుంచి మణికట్టు దాకా సముద్రపు ఉప్పు ఆరి తెల్లగా చారలు కట్టి ఉంది. వదిన ఆ చేతినే చూస్తూ కూర్చుంది. కోపం లేదు, ఏడుపు లేదు. బజార్లో ఎవరో తనకు తెలిసిన మనిషిలా కనిపిస్తే ఎవరా అని చూసినట్టు చూసింది.

"పది," అన్నాడు ఆర్డీవో. "తీర్మానం నెగ్గింది."

వదిన లేచి కొంగుముడి విప్పి, సొరుగు తాళంచెవి బల్ల మీద పెట్టింది. "లోపల ఒక కాగితం ఉన్నాది సార్. దానిమీద నా సంతకం నేదు. ఆ మాట రాసుకోండి."

అన్న ఆ సాయంత్రం మామూలు వేళకే ఇంటికొచ్చాడు. కాళ్ళు కడుక్కున్నాడు. గుమ్మంలో నేను అడ్డం నిలబడ్డాను.

"ఏట్రా అలా సూస్తావు? దిబ్బ ఎలాగూ పోద్ది. ఈవిడ కాకపోతే ఇంకొకరు ఎడతారు సంతకం. ఆ కుర్చీ మన ఇంట్లోనే ఉండేటట్టు సూసినాను, తప్పేటి? సిన్నతల్లికి అక్షరం రాదు, నాను పక్కన ఉండకపోతే ఎలా?" గొంతు కాస్త తగ్గింది. "రెండేళ్ళురా. నాను వస్తే ఆ అటెండరు గుంటడు లేవడం మానేసినాడు. రెండేళ్ళు నోటీసు బోర్డు కింద కూకున్నాను. ఎవుడైనా అడిగినాడా నన్ను?"

"గుడ్డ ఊపమని కూడా నువ్వే సెప్పినావా?"

తలుపు లోపల వదిన అన్నం వారుస్తోంది. ఆ చప్పుడు ఆగింది.

అన్న నేల చూశాడు. "ఆగుతావని నాకు తెలుసు," అన్నాడు. "నాన్న కొడుకువి కదా."

మా అమ్మ లోపల్నుంచి వచ్చింది. ఇంట్లో ఉన్న ఒక్క ప్లాస్టిక్ కుర్చీనీ ఎత్తి పట్టుకుని ఉంది. మమ్మల్నిద్దర్నీ తప్పించుకుని, మెట్లు దిగి, వీధి మధ్యలో వేసింది. అన్నం గిన్నె తెచ్చి దానిమీద పెట్టింది.

"కుర్చీయే కదరా నీకు కావాల్సింది," అంది. "కూకో. అక్కడే తిను."

ఆ రోజు మొదలు అన్న మా ఇంట్లో తినలేదు.

పదిరోజులకి చిన్నతల్లి అధ్యక్షురాలైంది. వేసవిదాకా కూడా ఆగలేదు, దిబ్బ చుట్టూ సిమెంటు స్తంభాలు పాతి ముళ్ళతీగ లాగారు. మా ఆడవాళ్ళు ఇప్పుడు నెత్తళ్ళు తారురోడ్డు అంచున ఎండబెడుతున్నారు. బస్సు వచ్చినప్పుడల్లా లేచి అడ్డం నిలబడి తిడతారు. మండలాఫీసులో నీలం కుర్చీ మళ్ళీ లోపలికి వెళ్ళిందని ఉమాశంకర్ చెప్పాడు.

వదిన తట్ట నెత్తిన పెట్టుకుని సంతపాలెం వెళ్తోంది. "ప్రెసిడెంటు గారూ, నెత్తళ్ళెంత?" అని అడుగుతున్నారట. కుర్చీలో ఉన్నన్నాళ్ళూ ఎవరూ ఆమెనలా పిలవలేదు. మొదటిరోజు ఇంటికొచ్చి ఆ సంగతి చెప్పి తనే నవ్వింది. మేం నవ్వలేకపోయాం.

వేట నిషేధం తీరాక జూన్‌లో మొదటిసారి నాన్న చోటుకి వెళ్ళాను. లైట్‌హౌసు మీద కొండ కూర్చుంది. షెల్టరు తాటిచెట్ల మధ్యకి వచ్చింది. అక్కడ అప్పటికే నాలుగు బోట్లున్నాయి. ఒకటి ధర్మేంద్రది. అతను తల తిప్పుకున్నాడు. నేను వల వెయ్యకుండానే బోటు తిప్పేశాను.

తిరిగి వస్తుంటే ఉత్తరాన దూరంగా ఒక బోటు ఆగి ఉంది. తెడ్డు చివర పసుపుపచ్చ గుడ్డ పైకి లేచింది, దిగింది, మళ్ళీ లేచింది.

వెళ్ళాను. ఎలా వెళ్ళకుండా ఉంటాను? కానీ కాస్త దూరంలోనే వేగం తగ్గించాను. ఇంజిను ఆపలేదు. ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని, ముందు అందులో ఎవరున్నారో చూశాను.